నాలుక నరాన్ని మంచం పక్కనే పరీక్షించడం ఎలా

పెద్దవాళ్లెవరికైనా మాట ముద్దగా వస్తోందంటే వెంటనే మన నోట వచ్చే మాట, "ఏదీ, నాలుక బయటపెట్టు." నర్సింగ్ విద్యార్థులూ అదే చేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను. నాలుక ఏ పక్కకు వంగిందో చూసి, రాసుకుని, ముందుకు వెళ్లిపోతాం. వార్డులో ఏళ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నప్పుడు నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే: నాలుకను బయటికి రమ్మనే ముందు, అది నోట్లో ఊరికే పడుకుని ఉన్నప్పుడు చూడండి. ఆ అరనిమిషంలో తెలిసేవి కొన్ని, నాలుక బయటికి వచ్చాక ఇక తెలియవు.

నర్సింగ్, ఫిజియోథెరపీ చదివేవాళ్ల కోసం, ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జబ్బు పేరు మీరే తేల్చడానికి కాదు, చూసింది చూసినట్టు డాక్టరుకు చెప్పగలగడానికి.

ముందుగా ఒక జాగ్రత్త. మాట ఇప్పుడే, ఉన్నట్టుండి తడబడితే, మూతి వంకర పోతే, చేయి లేవకపోతే ఈ పరీక్షలేవీ పెట్టుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ లెక్క మీరు గమనించిన క్షణం నుంచి మొదలవదు, మనిషి చివరిసారి బాగున్నట్టు తెలిసిన సమయం నుంచి మొదలవుతుంది. రాత్రి 10కి బాగానే పడుకుని తెల్లవారి 6కి ముద్దమాటతో లేస్తే లెక్క రాత్రి 10 నుంచే. ఆ టైము కాగితం మీద రాసుకుని వెంట తీసుకెళ్లండి. నోట్లో నీళ్లు, మాత్రలు, కషాయం ఏమీ పోయకండి. ఇంట్లో ఆస్పిరిన్ ఉన్నా వేయకండి. స్కాన్ తీస్తే తప్ప అది గడ్డకట్టడమో, రక్తనాళం చిట్లడమో ఎవరూ చెప్పలేరు.

ఇక ప్రమాదం గడిచాక, లేదా రోజులు, వారాలుగా నెమ్మదిగా మాట మారుతున్నప్పుడు చేయాల్సిన పరీక్ష సంగతి చూద్దాం.

ఈ నరం ఎక్కడిది?

మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలు 12 జతలు. ఈ లెక్కను 1778లో జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు జోమరింగ్ ఖాయం చేశాడు. వరసలో ఆఖరిదైన పన్నెండోదే నాలుకను కదిలించే నరం. ఇంగ్లీషులో హైపోగ్లాసల్ అంటారు, మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో అధోజిహ్వికా నాడి. నాలుక కింద ఉండేది అని రెండింటికీ అర్థం.

ఇది మెదడు కింది భాగమైన మెడుల్లాలో, మధ్య గీతకు దగ్గరగా పుడుతుంది. పుర్రె అడుగున తనకంటూ ఉన్న చిన్న కాలువలోంచి బయటపడి, మెడలో పెద్ద రక్తనాళాల మధ్య కిందికి దిగి, దవడ కింద ముందుకు వంపు తిరిగి నాలుకలోకి చేరుతుంది. కుడి నరం నాలుక కుడి సగానికి, ఎడమ నరం ఎడమ సగానికి. మెడ ఆపరేషన్, మెడలోని కెరోటిడ్ రక్తనాళం లోపలి పొర చీలడం, పుర్రె అడుగున గడ్డ, తల, మెడ క్యాన్సర్‌కి ఇచ్చిన రేడియేషన్ ఇవన్నీ నాలుకను ఎందుకు దెబ్బతీస్తాయో ఈ దారి తెలిస్తే అర్థమవుతుంది. రేడియేషన్ దెబ్బయితే ఏళ్లు గడిచాక కూడా బయటపడవచ్చు.

ఈ నరం పని కదలిక మాత్రమే. రుచి దీనిది కాదు, స్పర్శ దీనిది కాదు. నాలుక ముందు భాగంలో రుచిని ఏడో నరం, మంట, వేడి, తాకిడిని ఐదో నరం మోసుకెళ్తాయి. వెనక భాగంలో ఈ రెండు పనులూ తొమ్మిదోది చేస్తుంది. కాబట్టి "నాలుక తిమ్మిరిగా ఉంది, రుచి తెలియడం లేదు" అని ఎవరైనా అంటే అది వేరే కథ. ఈ పరీక్షతో దాని జవాబు దొరకదు.

ఇంకో పొరపాటు మన ఊళ్లలో చాలా ఉంది. పిల్లవాడికి మాటలు ఆలస్యమైతే "నాలుక కింద నరం అడ్డంగా ఉంది, కోయించండి" అంటారు. నాలుక కింద మధ్యలో కనిపించే ఆ పల్చని తీగ నరం కాదు, ఒక పొర. అది మరీ పొట్టిగా ఉంటే నాలుక చాపినప్పుడు కొస మధ్యలోకి లాగినట్టై హృదయం ఆకారంలో కనిపిస్తుంది. కొందరు పిల్లలకు దాన్ని కత్తిరించాల్సి రావచ్చు, ముఖ్యంగా పాలు పట్టడం కష్టమైనప్పుడు. కానీ మాటలే రాని పిల్లవాడికి ముందు చూపించాల్సింది వినికిడి.

సిద్ధం చేసుకోండి

మంచి టార్చి కావాలి, ఫోన్ లైటు సరిపోతుంది. చేతికి గ్లవ్స్, ఒక చిన్న గాజ్ గుడ్డ, కాగితం, పెన్ను. కట్టుడు పళ్లుంటే తీయించండి. వదులు పళ్ల సెట్టు నాలుకను పక్కకు తోసేస్తుంది. నోరు ఎండిపోయి ఉంటే తడి గాజ్‌తో పెదవులు, నాలుక తుడవండి, అంతే. మింగడం ఎలా ఉందో తెలియని మనిషికి గ్లాసుతో నీళ్లివ్వకండి.

మనిషిని కూర్చోబెట్టి, ముఖం మీ ముఖానికి ఎదురుగా, మీ కళ్ల ఎత్తుకే వచ్చేలా చూడండి. పడుకోబెట్టి పక్కనుంచి చూస్తే వంకర లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది.

మన పెద్దవాళ్లకు పదిమంది ముందు నాలుక చాపడం వెక్కిరించినట్టు అనిపించి మొహమాటపడతారు. కోడలి ముందు, అల్లుడి ముందు అసలే చాపరు. సగం చాపి వెనక్కి లాక్కుంటారు, మనం దాన్ని బలహీనత అనుకుంటాం. గదిలో జనాన్ని బయటికి పంపండి. "తాతా, నేను చేసినట్టు చేయండి" అని ముందు మీరు చేసి చూపించండి. మాట అర్థం కాని స్థితిలో ఉన్న మనిషికి కూడా చూసి చేయడం వీలవుతుంది.

మొదటి మెట్టు: నోట్లో ఉన్న నాలుక

"నోరు తెరవండి, నాలుకను అలాగే వదిలేయండి, ఏమీ చేయొద్దు" అని చెప్పండి. లైటు వేసి, తొందరపడకుండా ముప్పై లెక్కపెట్టేంతసేపు చూడండి. మూడు విషయాలు వెతకాలి.

ఒకటి, రెండు సగాలూ సమానంగా ఉన్నాయా? నరం దెబ్బతిన్న పక్క కండ వారాలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. ఆ సగం పల్చబడి, ముడతలు పడి, నీరు ఇంకిన చెరువు అంచులా కనిపిస్తుంది. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. "నిన్నటి నుంచే మాట తేడాగా ఉంది" అని ఇంట్లోవాళ్లు చెబుతున్నా నాలుక ఒక పక్క ఇలా ఎండిపోయి ఉందంటే, అసలు జబ్బు నిన్నటిది కాదు. ఈ ఒక్క సంగతి డాక్టరు వేసే లెక్కనే మార్చేస్తుంది.

రెండు, చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు సన్నని అదురు ఉందా? దీన్ని ఫాసిక్యులేషన్ అంటారు. నరం అందక విలవిల్లాడే కండరం లక్షణం ఇది. కండరాలను కదిలించే నరకణాలు క్రమంగా చనిపోయే మోటార్ న్యూరాన్ జబ్బులో రెండు పక్కలా కనిపించవచ్చు. దీన్ని నాలుక లోపల ఉన్నప్పుడే చూడాలి. బయటికి చాపి పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న నాలుక కూడా వణుకుతుంది. కావాలంటే ఇప్పుడే అద్దం ముందు నిలబడి నాలుక చాపి చూసుకోండి. ఆ వణుకు చూసి భయపడి, తనకు పెద్ద జబ్బేదో వచ్చిందని నిద్రలేని రాత్రులు గడిపిన నర్సింగ్ విద్యార్థిని నేను చూశాను. నోట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆమె నాలుకలో ఏ అదురూ లేదు. అంత టెన్షన్ పోవడానికి అరనిమిషం పట్టింది.

మూడు, నాలుక మధ్య గీత ఎటు వంగి ఉంది? ఇక్కడ ఒక వింత ఉంది. ఒక పక్క నరం పోయినప్పుడు, నోట్లో ఉన్న నాలుక కాస్త బాగున్న పక్కకు ఒరిగి ఉండవచ్చు. వెనక్కి లాగే కండరం ఆ పక్కే పనిచేస్తోంది కాబట్టి. అదే నాలుకను చాపమంటే ఎదురు పక్కకు తిరుగుతుంది. లోపల ఒకలా, బయట ఒకలా కనిపిస్తే మీ కళ్లు మోసం చేశాయనుకోకండి.

రెండో మెట్టు: బయటికి చాపిన నాలుక

ఇప్పుడు చాపమనండి. నాలుక కొస ఎటు వెళ్తోందో పెదవులతో పోల్చి కాదు, పైన ముందు రెండు పళ్ల మధ్య సందుతో, ముక్కు కొసతో పోల్చి చూడండి.

ఎందుకంత జాగ్రత్తో చెబుతాను. డ్యూటీలో చేరిన కొత్తలో ఒక పెద్దాయనకు మూతి వంకర పోయి ఉంది. నాలుక చాపమన్నాను, ఒక మూలకు దగ్గరగా వచ్చింది. "నాలుక కుడికి తిరిగింది" అని కేస్ షీట్‌లో రాసేశాను. సీనియర్ సిస్టర్ వచ్చి, జారిపోయిన మూతి మూలను వేలితో మెల్లగా పైకెత్తి పట్టుకుంది. "ఇప్పుడు చూడమ్మా" అంది. నాలుక నిటారుగా ఉంది. వంగింది పెదవి, నాలుక కాదు. ముఖాన్ని కదిలించే ఏడో నరం తప్పును పన్నెండో నరం మీద వేశాను. ఆ రోజు నుంచి మూతి వంకర ఉన్న ప్రతి మనిషికీ పెదవి పట్టుకునే చూస్తున్నాను. మీరూ అలాగే చేయండి. నోరు తెరిచినప్పుడు కింది దవడే పక్కకు జరుగుతున్నా ఇదే మోసం జరుగుతుంది.

నిజంగానే వంగితే, వంగింది ఏ పక్క? దీనికి ఒక పోలిక గుర్తుంచుకోండి. బండిని వెనక నుంచి ఇద్దరు నెడుతున్నారు, ఒకరు ఎడమన, ఒకరు కుడిన. ఎడమ మనిషి చేతులు వదిలేస్తే కుడి మనిషి తోపుకు బండి ఎడమకు తిరిగిపోతుంది. నాలుకను ముందుకు తోసే జీనియోగ్లాసస్ అనే కండరాలు కూడా అంతే, పక్కకొకటి. అందుకే చాపిన నాలుక బలహీనమైన పక్కకే తిరుగుతుంది.

రాసేటప్పుడు "పేషెంట్ ఎడమకు" అని స్పష్టంగా రాయండి. మీకు ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ మీకు కుడి. ఈ తప్పు చాలా మామూలుగా జరుగుతుంది.

ఇక ఆ వంపును చేతి బలంతో కలిపి చూడండి. నాలుక, చేయి రెండూ ఒకే పక్క బలహీనమైతే దెబ్బ సాధారణంగా పైన, పెద్ద మెదడులో. అక్కడి నుంచి నాలుకకు వచ్చే ఆజ్ఞలు ఎక్కువగా దారిలో పక్క మారతాయి, చేతికి వెళ్లేవీ మారతాయి. నాలుక ఒక పక్కకు తిరిగి, చేయి, కాలు ఎదురు పక్కన పడిపోతే దెబ్బ మెడుల్లాలో, నరం పుట్టే చోటే ఉండవచ్చు. పై మెదడు దెబ్బలో నాలుక కండ కరగదు, అదరదు. మొదటి మెట్టులో మీరు చూసింది ఇక్కడ పనికొస్తుంది.

నాలుక అసలు పెదవి దాటి రాకపోతే రెండు పక్కలా దెబ్బ ఉందేమో అన్న అనుమానం సహజం. కానీ మన దగ్గర దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "గుట్కా, వక్కపొడి నములుతారా?" ఏళ్ల తరబడి నమిలేవాళ్లకు నోటి లోపలి పొర గట్టిపడి తోలులా బిగుసుకుంటుంది. నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోదు, నాలుక బయటికి రాదు. నరం బాగానే ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట నిప్పు వైపు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగిన పెద్దావిడలు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్లకు లైటు పైకి తిప్పి అంగిలి కూడా చూడండి, క్యాన్సర్ అక్కడ మొదలయ్యే ప్రమాదం ఉంది. మానని పుండు, గట్టిగా తగిలే గడ్డ, తెల్లని మచ్చ ఏది కనిపించినా నరం సంగతి పక్కనపెట్టి నోటి డాక్టరుకు చూపించండి.

మూడో మెట్టు: బలం, వేగం

నాలుకతో ఎడమ బుగ్గను లోపలి నుంచి తోయమనండి. మీరు బయట నుంచి వేలితో అడ్డం పట్టండి. తర్వాత కుడి బుగ్గ. ఎడమ నరం దెబ్బతింటే కుడి బుగ్గను తోసే బలం తగ్గుతుంది, ఎడమను కాదు. బండి పోలికే ఇక్కడా పనిచేస్తుంది. నాలుక చాపలేని మనిషికి, చాపడానికి సిగ్గుపడే మనిషికి ఇది బాగా వీలైన పరీక్ష.

తర్వాత నాలుకను ఒక మూల నుంచి ఇంకో మూలకు గబగబా తిప్పమనండి. నెమ్మదిగా, బరువుగా కదిలితే రాసుకోండి.

నాలుగో మెట్టు: అక్షరాలతో

ఈ మెట్టులో తెలుగువాళ్లకు గొప్ప సౌకర్యం ఉంది. మన వర్ణమాలే నోటి పటం. పెదవులతో పలికేవి ఒక వరస, పళ్ల దగ్గరవి ఒక వరస, నాలుక మడిచి పలికేవి ఒక వరస, గొంతు దగ్గరవి ఒక వరస. డాక్టర్లు ప్రపంచమంతా "ప-త-క" అని పలికించి చూస్తారు. మనం చిన్నప్పుడు పలక మీద దిద్దినవే అవి.

"పాప, మామ, బాబు" అనమనండి. ఇవి పెదవుల పని, ఏడో నరానివి. "తాత, దూది, లాలి" అనమనండి, ఇవి నాలుక కొసవి. "టాటా, బండి, నీళ్లు" అన్నప్పుడు కొస పైకి మడవాలి, "గుర్రం, కర్ర" అన్నప్పుడు అది గబగబా కొట్టుకోవాలి. బలహీనమైన నాలుక ముందుగా తడబడేది చాలాసార్లు ఇక్కడే. "కాకి, కుక్క" నాలుక వెనక భాగంతో పలుకుతాం. పాప, మామ శుభ్రంగా వచ్చి, తాత, నీళ్లు, గుర్రం ముద్దైతే అనుమానం నాలుక మీదికి వెళ్తుంది. మాటంతా ముక్కుతో వస్తుంటే అంగిలి సంగతి చూడాలి, అది పదో నరం పని.

ఓపిక ఉన్నవాళ్లతో "ఎర్ర లారీ తెల్ల లారీ" అని ఐదుసార్లు అనిపించండి. అలసిపోయే కొద్దీ మాట పాడవుతోందా, మొదటి నుంచీ ఒకేలా ఉందా గమనించండి. పోనుపోను పాడై, విశ్రాంతి తీసుకుంటే బాగుపడితే అది తప్పక డాక్టరుకు చెప్పాల్సిన విషయం. మయస్తీనియా అనే జబ్బులో నరం బాగుండి, నరానికీ కండరానికీ మధ్య అతుకు అలసిపోతుంది.

ఒక మెలకువ. ళ అక్షరాన్ని ల లాగా పలికేవాళ్లు మనలో చాలామంది. ఆయన ఎప్పుడూ అలాగే అనేవారేమో! అందుకే ఆ మనిషి పాత మాటతోనే పోల్చాలి. ఇప్పుడు ప్రతి ఇంట్లో వాట్సాప్ ఉంది. రెండు నెలల కిందటి వాయిస్ మెసేజ్ ఒకటి వెతికి వినండి, ఇవాళ్టి మాటను కూడా రికార్డు చేయండి. "కొంచెం తేడాగా ఉంది డాక్టరుగారూ" అనే మాటకంటే ఆ రెండు రికార్డులు వందరెట్లు నయం.

మింగడం చూడాలా? ఇంట్లో వద్దు. నీళ్లు తాగించి చూసే పరీక్ష నేర్చుకున్నవాళ్లు, పొలమారితే పీల్చి తీసే మిషన్ దగ్గర పెట్టుకుని చేయాలి. మీరు అడగాల్సింది ఇంతే: తాగేటప్పుడు దగ్గు వస్తోందా, తిన్నాక గొంతు తడిగా గరగరమంటోందా, చొంగ కారుతోందా, భోజనానికి ఇదివరకటికంటే ఎక్కువ సేపు పడుతోందా.

ఐదో మెట్టు: రాయడం

నాలుగు వాక్యాలు చాలు. ఉదాహరణకు: "నోట్లో నాలుక ఎడమ సగం పల్చగా, ముడతలుగా ఉంది, అదురు ఉంది. చాపితే పేషెంట్ ఎడమకు తిరుగుతోంది, పెదవి పట్టుకుని చూశాను. కుడి బుగ్గను తోసే బలం తక్కువ. త, ట, ర, ళ ముద్దగా వస్తున్నాయి, ప, మ బాగున్నాయి, చేతులు, కాళ్లు బాగున్నాయి." కింద తేదీ, టైము. మెడ ఆపరేషన్, మెడకు దెబ్బ, రేడియేషన్, ఒక పక్క మెడనొప్పి లేదా తలనొప్పి ఉన్నాయేమో అడిగి అదీ రాయండి. మెడనొప్పితో పాటు కొత్తగా నాలుక తిరిగిందంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తనాళం చీలిక అలా బయటపడవచ్చు.

ఇంటికి వచ్చాక

నోటితో తినవచ్చని, మాట, మింగడం చూసే స్పీచ్ థెరపిస్టు చెప్పాకే తినిపించండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్ద, బాగున్న పక్క పెట్టండి. పల్చని నీళ్లు, చారు అదుపు తప్పి గొంతులోకి జారిపోతాయి. కాస్త చిక్కని జావ కొందరికి తేలిక, ఎంత చిక్కగా ఉండాలో థెరపిస్టునే అడగండి. తినేటప్పుడు మాట్లాడించకండి, టీవీ కట్టేయండి. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి.

చివరగా ప్రతి భోజనం తర్వాతా మళ్లీ టార్చి తీయండి. మనమైతే బుగ్గకూ పంటికీ మధ్య ఇరుక్కున్న మెతుకును తెలియకుండానే నాలుకతో తీసేస్తాం. నరం పోయిన మనిషికి అది అక్కడే ఉండిపోతుంది, స్పర్శ కూడా తగ్గి ఉంటే ఉందని కూడా తెలియదు. రాత్రి పడుకున్నాక అదే జారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. గ్లవ్స్ వేసుకుని, తడి గాజ్ వేలికి చుట్టి, పళ్ల మధ్యకు వేలు పోనివ్వకుండా రెండు బుగ్గల్లోనూ తుడిచి తీయండి, ముందు బలహీనమైన పక్క.